చేతులు వెనక్కి కట్టుకున్న సారు

అధ్యక్షస్థానంలో కూర్చుని, నా మాటలు ఎప్పుడు ముగుస్తాయా అని ఇప్పటికే గడియారం చూస్తున్న డాక్టర్ రామసుబ్బయ్య గారికి, (నవ్వులు) ఉక్కపోస్తుందన్నా వినకుండా మేము శాలువా కప్పిన చెన్నకేశవులు సారుకు, గిద్దలూరు, పొదిలి, యర్రగొండపాలెం నుంచి బస్సులు మారి వచ్చిన పెద్దలకు, మన మార్కాపురం కంప్యూటర్ వినియోగదారుల సంఘం సభ్యులందరికీ, ఈ ఫ్యాన్సీ దుకాణం కన్యకాపరమేశ్వరి నమస్కారాలు.

సారు ఇవాళ సంఘం బాధ్యత వదిలి, దాన్ని నా నెత్తిన పెడుతున్నారు. ఆయన్ని పొగడమని నన్ను పిలిచారు. పొగుడుతాను. కానీ నాకు భయంగా కూడా ఉంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

అప్పట్లో సారుకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఒక్కొక్కరం కంప్యూటర్ కొనుక్కునే స్తోమత మాకెవరికీ లేదని, ఆయనే జనాన్ని కూడగట్టి, అందరికీ కలిపి ఒక్కటి తెప్పించి, టైపు మిషన్ల మధ్యన పెట్టారు. ఒక్క మిషనుకు సంఘమేందని బజారంతా నవ్వితే, "కాలవలో నీళ్లు లేకపోయినా నీటి వినియోగదారుల సంఘం ఉంది గదబ్బా, మనకు మిషనన్నా ఉంది!" అన్నారు. (నవ్వులు)

ఆ దసరాకు ఆయుధపూజ చేయాల్సిందేనని మేమంతా పట్టుబట్టాం. రాచర్ల కొండయ్య చిన్నాయన, అదిగో రెండో వరసలో తల దించుకున్నారు, (నవ్వులు) కంప్యూటర్ ముందే కొబ్బరికాయ కొట్టారు. నీళ్లన్నీ కీబోర్డులోకి పోయాయి, పైనుంచి పసుపు, కుంకుమ. తెల్లారేసరికి మీటలన్నీ అతుక్కుపోయాయి. పుట్టిన ఏడాదే సంఘం చచ్చిందనుకున్నాం.

సారు అరవలేదు. మీటలన్నీ ఊడదీయించి, మా చేతనే కడిగించి, ఆరబెట్టించి, "ఇంగ పెట్టండి, ఏది యాడుందో" అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. కళ్లు మూసుకుని టైపు కొట్టే మనిషి, మేము తప్పుల మీద తప్పులు పెడుతుంటే నోరు మెదపలేదు! చివరికి పక్కనున్న టైపు మిషన్లు చూసి ఒక్కొక్కటే పెట్టుకున్నాం. ఇంగ్లీషు అక్షరం తెలియని కొండయ్య చిన్నాయన సాయంత్రానికి అక్షరాలన్నీ చోట్లతో సహా నేర్చేశారు. ఆ రోజు నుంచి మన సంఘానికి ఒకటే నియమం: తెలిసినవాళ్లు మిషను ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి. చెప్పాలంటే నోటితోనే, అదీ అడిగితేనే.

తర్వాత వీధికో ఇంటర్నెట్ సెంటరు, చేతికో ఫోను వచ్చాయి. "ఇంగ సంఘమెందుకు సార్?" అని ఒక్కొక్కరే మానేశారు. కొన్ని ఆదివారాలు సారు, చిన్నాయన ఇద్దరే ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. అయినా తలుపు తీయడం మానలేదు. ఇవాళ పింఛను కోసం, పంట నమోదు కోసం, మరిచిపోయిన పాస్‌వర్డు కోసం జనం మళ్లీ వస్తున్నారంటే, ఆ తలుపు తెరిచి ఉండబట్టే.

"ఆరోగ్యం బాగానే ఉంది గదా, మరెందుకు వదిలేస్తున్నారు సార్?" అని పోట్లాడాను. "నేనుంటే అందరూ నా మొహమే చూస్తారమ్మా. నేను లేకుండా ఇది నడుస్తాదో లేదో, నేనుండంగనే చూడాల" అన్నారు. నాకు కోపం వచ్చింది. (విరామం) ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పోయిన ఆదివారం మొదటిసారి నేను నడిపాను. గది నిండా జనం, ప్రొజెక్టర్‌లో బొమ్మ రాదు. చెమటలు పట్టి సారు వైపు చూశాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీలోంచి బజారు చూస్తున్నారు! అదీ ఇదీ పీకి, పెట్టి, ఆఖరికి వైరు వదులైందని నేనే కనిపెట్టాను. బొమ్మ వచ్చాక మళ్లీ చూశాను. సారు ఇంకా బజారే చూస్తున్నారు, కానీ వెనకాల ఒక చెయ్యి రెండో చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. ఇన్నేళ్లూ ఆ చేతుల్ని ఆపుకోవడం ఆయనకు ఎంత కష్టమయ్యిందో నాకు అప్పుడు తెలిసింది.

సార్, వచ్చే ఆదివారం తలుపు నేను తీస్తాను. తప్పులు చేస్తాను. మీరు రండి, వెనక వరసలో కూర్చోండి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మీకు నేను చెప్పక్కర్లేదు. (చప్పట్లు)

ఓపిగ్గా విన్న మీకూ, గడియారం చూడటం మానేసిన డాక్టరు గారికీ కృతజ్ఞతలు. సెలవు.