దేవుడి చేలో పరిగె

జకరయ్య అని, మా ఆయనకి తాత. ఆయన పెళ్ళాం దీనమ్మ. వాళ్ళిద్దరిదీ మామూలు భక్తి కాదనుకో. ఆదివారం వొచ్చిందంటే విత్తనమేసే గొర్రు ముట్టడు, కొడవలి ముట్టడు. ఎద్దుకి తాడు బిగుసుకుపోయి ఉన్నా దాని దగ్గిరకి పొయ్యి, “రేపటిదాకా ఓర్చుకో నాయనా” అని మెడ నిమిరేవాడంట. నవ్వబాకండే, నిజం! మా అత్త చెప్పింది నాకు. ఊరూ చర్చీ వాగుకి ఇవతల, వాళ్ళ చేను అవతల. నాలుగెకరాల మెట్ట. రాయి రాయి ఏరుకుంటా మొగుడూ పెళ్ళామే చేసుకున్నారు. ఆడే గుడిసేసుకుని ఉండేవాళ్ళు. రెండేళ్ళు వానల్లేవు. ఇంట్లో మిగిలింది ఒక్క మూట సజ్జ విత్తనం, తినను ఇంకో నాలుగు గింజలు. దీనమ్మకి ఏడో నెల. ఆ మూట మొలిస్తే పుట్టేబిడ్డకి కూడు, మొలవకపోతే లేదు. అదీ సంగతి.

ఇంకోటి చెప్పాల, ఇది కూడా రాసుకో అబ్బాయా. దీనమ్మకి దేవుడి ముంత అని ఒకటుండేది. రోజుకి ఒకసారే వొండేది. పొయ్యి ముట్టించేముందు పిడికెడు గింజలు తీసి ఆ ముంతలో పోసేది. అది దేవుడి వాటా. సోమారం ఒకటి, మంగళారం రెండు, అట్టా శనారానికి ఆరు పిడికిళ్ళు. ఆదివారం చర్చికి మోసకపొయ్యి పోసి రావడమే. ఆమెకి వారాలెంచే లెక్క అదేనమ్మా. ఈ రోజేందే అని జకరయ్య అడిగితే, “ముంతలో నాలుగు పడినయి, బేస్తారం” అనేది.

ఆ యేడు ఏమైందంటే, మంగళారం నాడు ముసురు పట్టింది. పట్టిందంటే వొదల్లేదు. వాగు పొంగింది, ఇవతలోళ్ళు ఇవతల, అవతలోళ్ళు అవతల. వాగు హోరులో చర్చి గంట కూడా ఇనపడదు. పొద్దు కనపడదు, నీడ పడదు, తెల్లారిందో మాపయిందో తెలీదు. గుడిసెలో పొగ బయటికి పోకుండా అట్టా తిరగతానే ఉంటది. ఇద్దరూ ఆ పొగలో కూచోని పాటలు పాడుకునేవాళ్ళంట. పాడతా పాడతా నిద్ర పోయేవాళ్ళంట, నిద్రలో కూడా పాడతన్నట్టే ఉండేదంట. ఎవరు మెలకువగా ఉండారో ఎవరు కలగంటండారో వాళ్ళకే తెలీలా. అట్టా ఉండగా బేస్తారం నాడు ఇంత సంగటి తిని దీనమ్మ ఒరిగింది. కలొచ్చింది. చేను నిండా కంకులంట, చెంపలకి మెత్తగా తగులుతున్నయ్యంట, ఆమె నడవకుండానే వాటి మధ్యలో పోతా ఉందంట. కళ్ళు తెరిచింది. చూస్తే అదే వెలుతురు, తెల్లగా, తడిగా. అమ్మో తెల్లారిందే అనుకుంది. లేచి పిడికెడు తీసి ముంతలో పోసింది, పొయ్యి ముట్టించింది. “లెయ్యయ్యా, సంగటి తిందువు” అంటే జకరయ్య లేచి కూచోని, ఆకలి కావడంలా దీనా అన్నాడంట. ముసురుకి అట్టానే ఉంటదిలే, తిను, అనింది. తిన్నాడు. తిని చెయ్యి కడుక్కునే లోపలే చీకటి పడింది. “ఇయ్యాల పొద్దు తొందరగా గూకిందే!” అని ఆశ్చర్యపొయ్యినాడంట మారాజు. “మబ్బు గదయ్యా” అని ఆమె. ఇద్దరూ మళ్ళీ పడుకున్నారు. చూడండి వాళ్ళ తెలివి!

మీకర్థమైందిగా? ఒక్క రోజులో రెండు పిడికిళ్ళు పడినయి. శుక్రారానికే ముంతలో ఆరయినయి. శనారం తెల్లారితే వాళ్ళకి ఆదివారం. ఆ పొద్దున వాన వెలిసింది. తెల్లటి గుడ్డలు కట్టుకున్నారు, వాగు దాటలేం గాబట్టి గుడిసె ముందే మోకరించినారు. నేల చూస్తే మంచి పదును, పిడికిట పడితే ముద్ద అయ్యేట్టుంది. జకరయ్య చేతులు ఒకటే దురద. అయినా చేతులు కట్టుకోని కూచున్నాడు. అప్పుడేమైందంటే, వాగుకి ఊరి వైపున మంచులో కదలాడతా ఏందో కనపడింది. కళ్ళు నులుముకోని చూస్తే ఊళ్ళోవాళ్ళు! చర్చి సంఘపోళ్ళంతా గొర్రులు కట్టి విత్తనం ఎదబెడతండారు. జకరయ్య గుండె పగిలింది. ఆదివారంనాడు! వానొచ్చేసరికి దేవుణ్ణి మరిచిపొయ్యినారే! అని ఏడ్చినాడంట. పెళ్ళాన్ని కూడా మోకాళ్ళేయించి, ఒక్కొక్కరి పేరూ చెప్పి, నత్తానేలు పెద్దయ్యని క్షమించు ప్రభువా, ఆయన ముసలోడు, ఆశ పడ్డాడు, అని మాపటిదాకా ప్రార్థన చేసినారు. ఊరంతా చెడిపోయి మనమిద్దరమే మిగిలినాం అనుకున్నాడు చూడు, ఆడ ఉంది అసలు తప్పు.

తెల్లారి జకరయ్య గొర్రు కట్టినాడు. ముందు ఆయన ఎద్దుల్ని తోలతంటే, ఏడో నెల కడుపుతో దీనమ్మ వెనకాల నడస్తా గొర్రు మీది జడ్డిగంలో విత్తనం పోసుకుంటా వచ్చింది. ఆ నేల వాసన, ఆ ఎండ, ఎద్దుల వొంట్లోంచి ఆవిరి, కలలో పనిచేసినట్టే ఉండిందని ఆమె ముసలితనంలో కూడా చెప్పేదంట. మూట అయిపోవచ్చింది. రెండు సాళ్ళే ఉన్నయి. అప్పుడు వాగు గట్టు మీద తెల్లగా మనుషులు కనపడినారు. వాగు తీసిపోతంది, వీళ్ళు బతికుండారో లేదో చూద్దామని చర్చి విడిచిపెట్టినాక అందరూ వచ్చినారు. నత్తానేలు పెద్దయ్య, సంఘానికి పెద్ద ఆయన, నోటికి చేతులడ్డం పెట్టుకోని కేకేసినాడు. “ఏరా జకరయ్యా! ఏందిరా ఈ పని? ఇయ్యాల ఏ వారమనుకుంటివి?” “సోమారం పెద్దయ్యా! నిన్న ఆదివారంనాడు గొర్రు తోలింది మీరు! మీకోసం నేను ఏడ్చినానయ్యా!” గట్టు మీద గొల్లున నవ్వినారు. “నిన్న శనారంరా నాయనా! ఇయ్యాల ఆదివారం!” జకరయ్య చేతిలో మోకు అట్టానే జారిపోయింది. దీనమ్మ ఆడే సాల్లో కూలబడింది. ఆమెకి ఆ బేస్తారం నిద్ర గుర్తొచ్చింది. ఈ తప్పు నాదయ్యా, నేనే రెండు పిడికిళ్ళు పోసినా, అని నెత్తి కొట్టుకుంది.

పెద్దయ్య మంచోడే. తెలీక చేసింది, పోనీరా, ప్రార్థన చేద్దాం, అన్నాడు. జకరయ్య ఇంటేగా! “ఊరందరికీ తీర్పు తీర్చినోణ్ణి, నన్ను నేను వొదుల్తానా? దేవుడి రోజున పడిన గింజ దేవుడిదే. ఈ చేను సంఘం కోసుకోవాల. నేను ఇందులో కాలు పెట్టను” అని చేని గట్టెక్కి నిలబడినాడు. దీనమ్మకి మండింది. “ఏమయ్యా, ఆ రోజు దేవుడికి రెండు పిడికిళ్ళు పోసినా గదా? ఎక్కువ తిన్నోడు ఆయన, పస్తు పండాల్సింది నా బిడ్డా?” అనింది. ఎంత మాటనిందో చూసినారా! నాకైతే ఆమె అంటే అందుకే ప్రాణం. జకరయ్యకి కళ్ళనీళ్ళు తిరిగినయి గానీ మాట మారలా. మూడు నెలలు కూలికి పొయ్యి ఆమెకింత తెచ్చి పెట్టినాడు. చేను మటుకు నిలువెత్తు పెరిగింది. గట్టు మీద నిలబడి పిట్టల్ని తోలేవాడు, దేవుడి సొమ్మని. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు.

కోత నాడు సంఘపోళ్ళు కొడవళ్ళు పట్టుకోని వచ్చినారు. పొద్దున్నే మంచు. మనిషికి మనిషి ఆనడు, కంకులు కోసే చప్పుడు మటుకు ఇనపడతంది. దీనమ్మ నెల బిడ్డని చంకనేసుకోని, గంప పట్టుకోని పెద్దయ్య ముందరకొచ్చి నిలబడింది. “పెద్దయ్యా, చేను దేవుడిదే. మరి కింద రాలిన పరిగె బీదోళ్ళది గదా? ఈ ఊళ్ళో మాకంటే బీదోళ్ళెవరో చెప్పు.” పెద్దయ్య గట్టు మీది జకరయ్య వంక చూసినాడు. ఆయన మొహం తిప్పుకున్నాడే గానీ కాదనలా. “ఏరుకో తల్లీ” అన్నాడు పెద్దయ్య. ఇంక చూడమ్మా, ఎవరూ ఎవరితో చెప్పుకోలా. ఆ మంచులో ఒక్కొక్కడి చేతిలోంచీ కంకులు జారతా ఉన్నయి. ఒకటీ రెండూ గాదు, పిడికిలి పిడికిలి. అందరికంటే ఎక్కువ జారిపొయ్యింది నత్తానేలు పెద్దయ్య చేతిలోంచే. గంప నిండేది, పోసొచ్చేది, మళ్ళా నిండేది. ఏడస్తా ఏరింది, నవ్వతా ఏరింది. మద్దేనానికి మంచు తీసిపోయి చూస్తే, సంఘం కుప్ప మోకాలెత్తు, దీనమ్మ కుప్ప నడుమెత్తు.

జకరయ్య గట్టు మీంచి అది చూసినాడు. “ఏందే, ఇంత పరిగా?” అన్నాడు. “గాలయ్యా, గాలికి రాలినయి” అనింది ఆమె. ఆయన చుట్టూ చూసినాడు. ఆకు కదలడంలా. కోతగాళ్ళంతా తలకాయలొంచుకోని కొడవళ్ళు తుడుచుకుంటండారు. అప్పుడు గట్టు దిగినాడమ్మా. ఎదబెట్టినాక అదే మొదటిసారి ఆయన ఆ చేలో కాలు పెట్టడం. వచ్చి ఆ గంప ఎత్తి తన నెత్తిన పెట్టుకున్నాడు. “నిజమేనే, పెద్ద గాలి” అన్నాడంట. ఆయన భక్తిపరుడే గానీ గుడ్డోడు కాదుగా. చంకలో ఉన్న ఆ బిడ్డే మా మామ. తొంభై ఏళ్ళు బతికినాడు. నువ్వు రాసుకునేటప్పుడు ఆ కంకులు జారిన సంగతి రాయబాకయ్యా, గాలనే రాసుకో.