ముగింపు లేని ప్రతి

సాయంత్రానికి ఇంకా వేళుంది. ఒకప్పుడు వేదికమీద జనం మనసులు చదివి, ఇప్పుడు డిటెక్టివ్ నవలలు రాసుకుంటున్న ఆయన మంచం పక్కన కుర్చీలో ఉన్నాడు. మంచంమీద జబ్బుతో ఉన్న ఆయన భార్య. ఆమెకో పాత డిటెక్టివ్ నవల చదివి వినిపిస్తున్నాడు.

"అదేంటండీ, అక్కడ ఆపేశారు? డిటెక్టివు అందర్నీ కూచోబెట్టి, హంతకుడు మీలోనే ఉన్నాడన్నాడు. ఆ తర్వాత?"

"తర్వాత లేదు."

"లేకపోవడమేంటి?"

"చివరి పేజీలు లేవు. పాత కాగితాల కొట్లో దొరికిన పుస్తకం. దొరకడమే గొప్ప."

"తెచ్చిన రోజు ఇల్లంతా గంతులేశారుగా, అట్టతో సహా ఉందీ, ఒక్క పేజీ పోలేదూ అని."

"అన్నానా?"

"అన్నారు. పక్కింటావిణ్ణి కూడా పిలిచి చూపించారు. పాపం ఆవిడ పొయ్యిమీద పాలు వదిలేసి వచ్చింది."

"సరిగ్గా చూసుకోలేదులే. ఇంకో ప్రతి ఎవరిదగ్గరో ఉందట, ఫోన్ చేశాను. వచ్చే నెల పంపిస్తానన్నాడు."

"వచ్చే నెలా!"

"ఆఁ, వచ్చే నెలే. కాస్త ఓపిక పట్టు."

"డాక్టరు వరండాలో మీతో ఏం చెప్పాడో నేను విన్నానండీ."

"వాడి మొహం. వాడికేం తెలుసు?"

"పోనీ ముగింపు మీరే అల్లి చెప్పండి. రచయితేగా."

"ఇంకొకరి నవలకి నేను ముగింపు పెట్టడమా? ఛీ."

"అయితే చెయ్యి ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండి అంటుంటే."

"మందు వేళయింది, నీళ్ళు తెస్తానుండు."

"మందు ఇందాకే వేశారు. ఇన్నేళ్ళూ స్టేజీమీద మీ పక్కనే నిలబడ్డాను. జనం దాచిన వస్తువుని వాళ్ళ మణికట్టు పట్టుకునేగా కనిపెట్టేవారు? దాచిన చోటు పేరెత్తగానే చెయ్యి దానంతటదే బిగుసుకుంటుందని మీరే నేర్పారు. ఇవ్వండి."

"ఇదిగో. నీ చాదస్తం నీది."

"బీరువాలోనా? కాదు. రాతబల్ల సొరుగులో? ఊహూఁ. పుస్తకాల వెనక? కాదు. పరుపు కింద?"

"చెయ్యి వదులు."

"వదల్ను. నా పరుపు కిందే పెట్టారా!"

"అయ్యో, లేవకు, లేవకు. నేను తీస్తాను."

"పేజీ మూల మడిస్తేనే పూటంతా మాట్లాడని మనిషి. ఈ పుస్తకం కోసం తిరగని ఊరు లేదు. చేతులెలా వచ్చాయండీ చింపడానికి?"

"రాలేదు. ఏడుస్తూ చింపాను. చాలా?"

"ఎందుకూ?"

"ఎందుకేంటి? కథ మధ్యలో ఉంటే నిన్ను కదిలించడం ఎవరివల్లా కాదు. హంతకుడెవరో తేలేదాకా అన్నం కూడా ముట్టవు. అందుకని... చదవకుండా ఆపితే ఉంటావనుకున్నాను."

"పిచ్చి మనిషి."

"పిచ్చే. నువ్వు లేకపోతే నేనెవరికి చదవాలే? ఎవరికోసం రాయాలి?"

"ఏడవకండి. ఇలా దగ్గరికి రండి. అవి తీసి చదవండి."

"చదవను."

"నాకోసం."

"నీకోసమే చదవనంటున్నా."

"చంపింది గడియారాలు బాగుచేసేవాడు."

"ఏంటీ?"

"ఈ నవల పెళ్ళికి ముందే చదివానండీ. మీరంత ఆశగా వెతుకుతుంటే చెప్పబుద్ధి కాలేదు. ఆ ఆఖరి పేజీ మీరు గొంతు వణక్కుండా చదివితే చాలు, ఇక మీరొక్కరే ఉండగలరులే అనుకుని వెళ్దామని, ఇన్నాళ్ళూ ఊపిరి బిగపట్టుకుని ఉన్నాను."