చెవి వెనక చూసే మనిషి

నా పేరు నోరీన్ హాస్కెట్. వయసు యాభై తొమ్మిది. బర్నీ పట్టణంలో ఒక బడి క్యాంటీన్‌లో వంట చేస్తాను. ఒంటరిగా ఉంటాను. పక్కింటి డెస్ పిక్రెల్ కిటికీ పగలగొట్టింది నేనే. చట్రం మీద ఉన్న రక్తం నాది, ఆయనది కాదు. ఆయన మేనకోడలు అనుమానిస్తున్నట్టు నేను ఆయన్ని కొట్టలేదు.

రక్తం సంగతి చెప్పాలంటే చెవి సంగతి చెప్పాలి. చలికాలం మొదట్లో కుడి చెవి పైఅంచున కుట్టించుకున్నాను. ఈ వయసులో ఎందుకని, ఇది రాసుకుంటున్న పోలీసు ఆఫీసర్ అడిగారు. ఎందుకో నాకూ సరిగ్గా తెలియదు. కుట్టిన అమ్మాయి నా చెవిని రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసింది. నన్ను ఎవరైనా అంత మెల్లగా ముట్టుకుని ఏళ్ళయింది. అక్కడే ఏడ్చేశాను. నొప్పి అనుకుంది పాపం.

పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళు చల్లమంది. పుడకను తిప్పొద్దంది, ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోవద్దంది. వెనకవైపు పొక్కు లేస్తుందేమో చూడాలి, "ఇంట్లో ఎవరికైనా చూపించుకోండి" అంది. ఇంట్లో ఎవరున్నారు? అద్దంలో ఎంత మెడ తిప్పినా నా జుట్టే కనబడింది.

డెస్ కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, ఆయనా ఒంటరే. కంచె దగ్గర నిలబడి అడిగాను. కళ్ళజోడు, టార్చి తెచ్చుకున్నాడు.

"ఏమ్మా, తప్పిపోకుండా గొర్రెలకి చెవికి బిళ్ళేస్తారు. నువ్వెక్కడికి పోతావని?"

"పోతే వెతికేదెవరులే."

"వెతకడమెందుకు, ఆ చెవే పట్టుకుని ఈడ్చుకొస్తా."

అప్పటి నుంచి రోజూ సాయంత్రం అదే పని. "తిప్పకపోతే అతుక్కుపోద్ది, మా అక్క తిప్పేది" అంటూ చేయి చాపేవాడు. ఆ చేతి మీద ఒక్కటి వేసేదాన్ని. చివరికి "శుభ్రంగా ఉంది, పో" అనేవాడు. ఆ మాట కోసం రోజంతా కాచుకుని ఉండేదాన్ని. నిజం చెబుతున్నాను, చెవి మానిపోతోందంటే నాకు దిగులేసేది.

గురువారం పొద్దున్నే చెత్తబండి వచ్చి వెళ్ళింది. ఖాళీ డబ్బాలు, తనదీ నాదీ, లోపలికి తెచ్చేది ఆయనే. మూడింటికి నేను పని నుంచి వచ్చేసరికి రెండూ రోడ్డు పక్కనే ఉన్నాయి. తలుపు కొట్టాను. లోపల టీవీ మోగుతోంది, మనిషి పలకలేదు. పూలకుండీతో వంటింటి కిటికీ అద్దం పగలగొట్టి లోపలికి దూరాను. చిరిగిన ఈగల తెరకు పుడక చిక్కుకుంది. విప్పుకుంటూ కూర్చునే ఓపిక లేక లాగేశాను.

డెస్ ఫ్రిజ్ పక్కన నేల మీద పడి ఉన్నాడు. నోరు ఒక పక్కకు వంకరపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నా మెడ మీద కారుతున్న రక్తం చూశాడు. టార్చి పెట్టుకునే సొరుగు వైపు చేయి లేపబోయాడు. లేవలేదు.

అంబులెన్స్ పిలిచింది నేనే. "ఆయనకి మీరేమవుతారు?" అని అడిగారు. పక్కింటిదాన్ని అన్నాను. బండి ఎక్కనివ్వలేదు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే బంధువులకే చెబుతామన్నారు. మేనకోడలు పెర్త్‌లో ఉంటుంది, ఆమెకు చెప్పారు. నాకు చెప్పలేదు. ఉన్నాడో పోయాడో నాకు తెలియదు. ఆఫీసర్‌ని అడిగితే ముందు వాంగ్మూలం కానివ్వమన్నారు. అందుకే ఇంత గబగబా చెప్పాను.

రాసింది నాకు చదివి వినిపించారు. ఇందులో నా కళ్ళతో చూసిందే ఉంది, ఎవరి బలవంతమూ లేదు. చెవి వెనక గాయం ఎలా ఉందో మాత్రం నేను చూడలేదు. దానికి సాక్షి డెస్. ఆయన్ని అడగండి. ఏమన్నాడో వచ్చి నాకు చెప్పండి.

(సంతకం) నోరీన్ హాస్కెట్