మూడో బెలూన్

వాతావరణ కేంద్రంలో మధ్యాహ్నం. పెద్ద ఆఫీసరు, కొత్తగా చేరిన అమ్మాయి.

"షెడ్డు తాళంచెవి ఇవ్వండి సార్."

"ఇవ్వను. గాలిని కొలిచే బెలూన్లు రోజుకి రెండే. పొద్దునొకటి, సాయంత్రమొకటి. మూడోది వద్దని పైఆఫీసు చెప్పేసింది."

"సముద్రం అవతల తుఫాను కేంద్రం నుంచి ఒక మేడం పొద్దుట్నుంచీ ఫోన్లో బతిమాలుతోంది సార్! తుఫాను వాళ్ళ రేవు మీదికొస్తుందో, పక్కకి పోతుందో తేలట్లేదట. దాన్ని నెట్టే గాలి ఇప్పుడు మన నెత్తి మీదుందట. ఇక్కడ కొలిస్తేనే అక్కడ తెలిసేది."

"మన నెత్తి మీద మబ్బు తునక కూడా లేదు."

"మబ్బు గొడవెందుకు సార్, నేను చెప్పేది గాలి సంగతి! ఏమీ తెలియనట్టు మాట్లాడతారేం?"

"గొంతు తగ్గించు. ఆ కంప్యూటర్ దగ్గరికి వెళ్ళకు."

"ఏం? దాని మీద తువ్వాలెందుకు కప్పారు?"

"దుమ్ము."

"మీ చేతులకి ఆ పౌడరేంటి?"

"క్యారమ్స్ ఆడాను."

"ఎవరితో? ఇక్కడున్నది మనిద్దరం!"

"ఒక్కణ్ణే ఆడుకున్నా, నీకెందుకు? నింపాదిగా భోంచేసి రమ్మంటే అప్పుడే ఊడిపడ్డావు."

"రేవు పక్కన అన్నీ ఇళ్ళే సార్. పిల్లాజెల్లాతో ఉన్నారు. ఖాళీ చేయించాలో వద్దో ఈ పూటే తేల్చుకోవాలి. మీరివ్వకపోతే తాళం పగలగొడతాను."

"ఉద్యోగం పోతుంది. నువ్వింకా పర్మనెంటు కాలేదు."

"పోనీండి! సుత్తెక్కడ?"

"ఆగు. ఆగు తల్లీ. పగలగొట్టే పని లేదు."

"ఎందుకు లేదు?"

"ఆ తువ్వాలు తీసి చూడు."

"ఈ అంకెలు... కదులుతున్నాయి. సార్, పైన బెలూనుంది! ఆ పౌడరు... రబ్బరు అంటుకోకుండా మనం రాసేదే కదూ!"

"నువ్వు క్యారేజీ విప్పేలోపే వదిలేశా. ఆ మేడానికి గాలి లెక్కలు పోతూనే ఉన్నాయి."

"మరి నన్నెందుకు ఇంతసేపు ఏడిపించారు?"

"నీకు తెలిస్తే నీ ఉద్యోగానికీ ముప్పని. రేపెవరైనా అడిగితే, వద్దని నువ్వు మొత్తుకున్నా ఈ ముసలాయన వినలేదని చెప్పు. నన్నేం చేస్తారో నేనూ చూస్తా."

"ఫోన్ మోగుతోంది."

"పైఆఫీసే. ఆ లెక్కలు వాళ్ళకీ కనబడుంటాయి. ఇటివ్వు."

"ఇవ్వను."

"అమ్మాయ్! ఫోనివ్వు!"

"హలో? అవునండీ, ఎగరేశాం. ఇద్దరం కలిసే."