పెట్రోలు ఎటు పోతోంది?

ఇంటి ముందు రేకుల షెడ్డులో, బడిపిల్లల్ని తిప్పే అక్క కారు బానెట్టు ఎత్తి ఉంది. దానికి అటు అక్క, ఇటు తమ్ముడు.

“...గాలి తక్కువైతే ఎక్కువ తాగుతుందక్కా. టైర్లలో గాలి చూశావా?”

“సోమవారం కొట్టించాను, నాలుగింటికీ. ఇంకోటి చెప్పు.”

“ఇంకోటంటే... ఏసీ?”

“అది పాడై రెండేళ్ళయింది. నీకు తెలీదూ?”

“అదే నేననేది. ఏసీ లేదని అద్దాలన్నీ దించుకుని పోతావు. గాలి లోపలికి కొట్టి బండిని వెనక్కి పట్టి లాగుతుంది. ఇంజనుకి భారం. ఇంజనుకి భారమైతే పెట్రోలు...”

“ఒరేయ్, అది రయ్యిమని పరుగెత్తే బండి సంగతి. పిల్లల్ని కుక్కుకుని, గుంత గుంతకీ బ్రేకు నొక్కుకుంటూ పోయే దానికి గాలి అడ్డమొస్తుందా? నలభై దాటి ఎరగదు ఇది.”

“పొద్దున్నే కొట్టించాలక్కా. చల్లపూట పెట్రోలు చిక్కగా ఉంటుందట, అదే డబ్బుకి ఎక్కువొస్తుందట. నువ్వేమో మిట్టమధ్యాహ్నం పోతావు.”

“బంకులో ట్యాంకు ఉండేది భూమి లోపల. పైన ఎండ కాస్తే కింద దానికేం తెలుస్తుంది? పాలా అది, పొద్దున చిక్కగా, మధ్యాహ్నం పల్చగా ఉండటానికి?”

“అయితే ఆ బంకువాడే ఏదో...”

“వాణ్ణి అనకు. సున్నా చూపించందే పైపు ముట్టుకోడు. ఇంకోటి చెప్పు.”

“వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తున్నావా? కలిసొస్తుంది.”

“ఎవడు చెప్పాడురా నీకివన్నీ? గేర్లో ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తేనే పెట్రోలు ఆగేది. న్యూట్రల్లో ఇంజను ఆరిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. పైగా ఉత్త బ్రేకుల మీదే బండి. పిల్లలున్న బండిని పల్లంలో గాలికొదిలెయ్యమంటావా?”

“నాకేం తెలుసక్కా? నువ్వు అడుగుతుంటే ఏదో ఒకటి చెబుతున్నాను. బండి ముసలిదైపోయింది, అంతే.”

“పోయిన నెల దాకా లీటరుకి పధ్నాలుగిచ్చింది. ఇప్పుడు తొమ్మిది. ఒక్క నెలలో ముసలితనం ముంచుకొస్తుందా ఎవరికైనా?”

“లెక్క తప్పి ఉంటావు.”

“తప్పడానికేముంది? ట్యాంకు నిండా కొట్టిస్తాను. మళ్ళీ నిండా కొట్టించినప్పుడు ఎంత పట్టిందో చూస్తాను, మధ్యలో ఎంత తిరిగిందో చూస్తాను. భాగిస్తే వచ్చేస్తుంది. నిన్న వంతెన మీద, పిల్లలతో ఉండగా, ఎర్రలైటు వెలిగిందిరా. ఇంకా ఎంత దూరం పోతుందో, ఎక్కడ ఆగుతుందో తెలీక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాను.”

“లైటు వెలిగినా ఇంకా చాలా దూరం వస్తుందక్కా. అడుగున కొంత ఉంచుతారు.”

“మామూలుగా తాగే బండైతే వస్తుంది. ఇది తాగుబోతైంది కదా! నేను నింపింది ఎటు పోతోంది? ఇటు చూసి చెప్పు. రేడియేటర్లోకి చూస్తావేం?”

“నువ్వలా చూడకక్కా, భయమేస్తుంది.”

“వెయ్యాలనే చూస్తున్నాను. ఇంకాసేపట్లో ట్యూషను మేడం ఫోన్ చేస్తుంది. సోమవారం నుంచి ట్యూషను పిల్లల్ని కూడా సాయంత్రాలు ఇళ్ళకి దింపాలి. అవునంటే ఏడాదంతా పని. కాదంటే ఆవిడ వేరేవాళ్ళని చూసుకుంటుంది. లీటరుకి పధ్నాలుగైతే కళ్ళు మూసుకుని ఒప్పుకుంటాను. తొమ్మిదైతే చేతి చమురు వదులుతుంది. ఏదో ఒకటి ఆవిడ ఫోన్ వచ్చేలోపు తేలాలి.”

“వద్దని చెప్పెయ్.”

“ఏంటీ?”

“ట్యూషను వదిలేసరికి చీకటి పడుతుంది. ఈ వయసులో ఎందుకక్కా నీకు?”

“చీకటైతే ఏం? మెకానిక్కుని కొత్త బల్బులు వెయ్యమన్నాను. ఇప్పుడున్నవి గుడ్డి బల్బులు, ఎదురుగా ఏనుగొచ్చినా చూపించవు.”

“అవి మొన్న మార్పించిన కొత్తవేగా?”

“అవీ గుడ్డివే. మాట మార్చకు. ఎందుకు వద్దంటున్నావు?”

“బండి తొమ్మిదే ఇస్తోందిగా. గిట్టదు. మేడంతో అదే చెప్పు, పెట్రోలు గిట్టడం లేదు, బండి పాతదైపోయింది అని. గౌరవంగా ఉంటుంది.”

“గౌరవమా? ఇందాకట్నుంచీ చూస్తున్నాను. నా బండి పాడైందని నాకు నమ్మకం కుదరాలని తెగ ఆరాటపడుతున్నావు. నీకేంటిరా లాభం?”

“నాకేం లాభం?”

“అదే అడుగుతున్నాను. పైపు పెట్టి తీస్తున్నావా?”

“అక్కా!”

“తీస్తున్నావా, లేదా?”

“అమ్మ మీద ఒట్టు.”

“అమ్మ లేదుగా, ధైర్యంగా వేస్తావు. నా మీద వెయ్.”

“నీ మీద ఒట్టక్కా. చుక్క తీయలేదు. నీ బండిలోంచి పెట్రోలు తీసుకుని బతకాల్సిన ఖర్మ నాకేం పట్టింది?”

“మరి మధ్యాహ్నాలు ఎటు తీసుకుపోతున్నావు? నేను కాస్త నడుం వాలిస్తే చాలు, మేకుకి తాళం ఉండదు.”

“కడగడానికి.”

“కడిగిన మొహమేనా ఇది? దీని మీద వేలితో ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ రాయొచ్చు.”

“అదీ... నీళ్ళు రాలేదు.”

“నెల రోజుల్నుంచీ?”

“అప్పుడప్పుడూ వచ్చాయి.”

“ఇటు రా. ఇంకా దగ్గరికి. వాసన చూడు.”

“ఏం వాసన? నాకు జలుబు.”

“క్లచ్చు మాడిన వాసన. నా చేతిలో దీనికి ఎప్పుడూ రాలేదు. క్లచ్చు మీద పెట్టిన కాలు తీయకుండా, ఫస్టు గేర్లోనే ఈడ్చుకుంటూ, ఆపుతూ, లాగుతూ తిప్పితే వస్తుంది. అలా తిప్పితే ఎంత పోసినా పొగే. దూరం పెరగదు, పెట్రోలు మాత్రం ఉండదు.”

“నేనే అయ్యుంటాను. బజారు వీధిలో రద్దీ...”

“నువ్వు కాదు. నీకు నేర్పింది నేను. నీకు నూరు అవలక్షణాలున్నాయి గానీ క్లచ్చు మాడ్చేది మాత్రం లేదు.”

“బానెట్టు దించనా? ఇంజనుకి దుమ్ము పడుతోంది.”

“పడనీ. డ్రైవరు సీటు చూడు, ఎంత వెనక్కి జరిగి ఉందో. నిన్న ఎక్కి కూర్చుంటే నా కాలు బ్రేకుకి అందలేదు. నీదీ నాదీ ఒకటే ఎత్తు. తాడిచెట్టంత మనిషెవడో కూర్చుంటున్నాడు ఇందులో. ఎవడికిచ్చావురా నా బండి? బాడుగకా?”

“బాడుగకి కాదు.”

“మరి?”

“నేర్పుతున్నాను. నడపడం.”

“ఎవడికి?”

“డబ్బులేం తీసుకోవడం లేదు.”

“ఎవడికని అడిగాను.”

“బడి వదిలే టైమవుతోందక్కా, పిల్లలు గేటు దగ్గర...”

“ఇంకా చాలా టైముంది. చూడు, ఈ బండి నాకు అన్నం పెడుతోంది. నీకూ పెట్టింది, నువ్వు ఖాళీగా ఉన్న రోజుల్లో. దాన్ని ఎవడో ముక్కూమొహం తెలియనివాడి కాలి కింద పెట్టి, నా ఎదురుగానే నిలబడి టైర్లంటావు, గాలంటావు. ఇవాళ్టి నుంచి తాళం నా కొంగుకుంటుంది. నువ్వీ షెడ్డులో కాలు పెట్టకు. ఇంట్లో కూడా. చెప్తావా, పోతావా?”

“బావకి.”

“ఏ బావకి?”

“నాకెంతమంది బావలున్నారక్కా? ఉన్నది ఒక్కడే.”

“ఆయనకా?”

“ఊఁ.”

“రోడ్డు దాటాలంటే నా చెయ్యి పట్టుకునే మనిషికా? కుట్టుమిషను తప్ప ఇంకో మిషను ముట్టి ఎరగని మనిషికా?”

“అందుకేగా క్లచ్చు మాడింది. కుట్టుమిషను తొక్కినట్టే తొక్కుతాడు. మడమ ఆనించు బావా, మెల్లగా వదులు బావా అని గొంతు పోయేలా అరుస్తాను. టైలరు కాలు, ఊరుకోదు. మిల్లు వెనక ఖాళీ జాగాలో గుండ్రంగా తిప్పుతున్నాం. ఫస్టులోంచి సెకండుకి రావడానికే నా తల ప్రాణం తోకకి వచ్చింది.”

“చెమటలు పట్టి ఉంటాయి ఆయనకి.”

“చొక్కా పిండితే బకెట్ నిండుతుంది. ఎదురుగా మేక కనబడితే స్టీరింగు వదిలేసి రెండు చేతులూ జోడించాడొకసారి.”

“నవ్వించకురా, కోపంలో ఉన్నాను నేను. కొట్టు మూసి వస్తున్నాడా?”

“భోజనానికని చెప్పి. నిజంగా భోజనం చెయ్యడం లేదు. నువ్వు చూడలేదా, చిక్కిపోయాడు.”

“ఇంట్లో రెండుసార్లు వడ్డించుకుంటుంటే, ఏంటబ్బా ఈ ఆకలి అనుకున్నాను. పిచ్చిమనిషి. నాతో చెబితే నేనే నేర్పేదాన్నిగా? పెళ్ళయిన కొత్తల్లో ఎంత బతిమాలాను! ‘నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా, నాకదే గొప్ప’ అనేవాడు. ఇప్పుడేం పుట్టింది?”

“సరదా.”

“సరదాకి ఆయన దారం ముక్క కూడా తెంపడు. ఏం పుట్టిందిరా?”

“నీకు చెప్పకుండా నేర్చేసుకుని, ఒకరోజు ఇంటి ముందు ఝామ్మని ఆపి చూపిద్దామని.”

“పోనీలే పాపం. అయితే ఇక దాపరికం ఎందుకు? రేపట్నుంచి మీ తిప్పుళ్ళకి పెట్రోలు మీరే పోసుకోండి. నా బండికేం లోపం లేదన్నమాట, పధ్నాలుగే ఇస్తుంది. బతికించావు. మేడం ఫోన్ చెయ్యగానే ఒప్పేసుకుంటాను.”

“వద్దక్కా!”

“మళ్ళీ మొదలెట్టావా?”

“సోమవారానికి ఆయనకి రాదక్కా. ఇంకా రివర్సే కుదరడం లేదు. ఒక్క రెండు నెలలు ఆగమను మేడాన్ని.”

“ఆయనకి రివర్సు రాకపోతే నా సాయంత్రం పనికేంటి?”

“ఏం లేదు. నోరు జారింది.”

“జారిందిగా, పూర్తిగా జారనీ.”

“చెప్పనని బావకి మాటిచ్చాను.”

“నాకిందాక ఒట్టు వేశావు. నా మీద.”

“...పొద్దు వాలాక బండి తనే నడపాలని ఆయన ఆలోచన.”

“ఆయనెందుకు? నేనేమైపోయాను?”

“ఏం కాలేదు. నువ్వున్నావు.”

“మరి? నసుగుతావేం? మాట్లాడు.”

“పోయిన నెల బళ్ళో ఆటలపోటీలని పిల్లల్ని ఆలస్యంగా వదిలారు, గుర్తుందా?”

“ఉంది. దీపాలు పెట్టే వేళైంది. దాహమంటున్నారని పిల్లలందర్నీ ఇటే తీసుకొచ్చాను, మంచినీళ్ళు తాగించి దింపుదామని. అయితే?”

“బావ కొట్టు మూసి అప్పుడే వచ్చాడు. నీ హారను విని గేటు తీశాడు. తీసి, మధ్యలో నిలబడి చెయ్యెత్తాడు. మెల్లగా రమ్మని.”

“లేదే. ఆయన అప్పటికింకా రాలేదు. గేటు తీసే ఉంది.”

“తీసింది ఆయనే అక్కా. లైట్లు సూటిగా ఆయన మీదే పడుతున్నాయి. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను.”

“ఆ గుడ్డి బల్బులు...”

“ఆ బల్బుల వెలుగులో ఆయన చొక్కా గుండీలు కూడా కనబడ్డాయి నాకు.”

“బండిలో చిన్నపిల్ల కెవ్వుమంది. అది గుర్తుంది. పిల్లి ఏదో అడ్డొచ్చిందేమో అనుకున్నాను.”

“పిల్లి కాదు. నువ్వు ఆపలేదక్కా. ఆపుతావనే నిలబడ్డాడు చివరిదాకా. ఇక లాభం లేదని పక్కనున్న కాలవలోకి దూకాడు. మోచెయ్యి గీసుకుపోయింది అక్కడే. మిషను తగిలిందని నీకు చెప్పాడు.”

“...మీదికి పోనిచ్చానా? ఆయన మీదికి?”

“నువ్వు దిగి, మా పక్కనుంచే లోపలికొచ్చి, మంచినీళ్ళ బిందె తీస్తూ ‘మీ బావ ఇంకా రాలేదేంట్రా’ అని నన్నడిగావు. ఆ రాత్రే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ‘దానికి బండంటే ప్రాణంరా, వదిలెయ్యమంటే చచ్చిపోతుంది, ముందు నాకు నేర్పు, తర్వాత మెల్లగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం’ అన్నాడు. నేను సరేనన్నాను. పగలు బాగానే ఉంటున్నావు కదా, ఈలోపు నీకు సాయంత్రాలు పని లేకపోతే చాలనుకున్నాను. ఇంతలో ఈ ట్యూషను వచ్చి పడింది. ఏం చెయ్యాలో తోచక టైర్లన్నాను, గాలన్నాను... అక్కా, ఏదో ఒకటి అను. తిట్టు. ...ఫోన్ మోగుతోందక్కా. మేడమే.”

“వింటున్నాను.”

“నేనెత్తి చెప్పనా? బండి పాతదైపోయింది, పెట్రోలు గిట్టదు అని? ఎవరికీ ఏమీ తెలియదు. నువ్వేం మాట్లాడక్కర్లేదు.”

“ఇటివ్వు.”

“అక్కా...”

“ఇవ్వరా. — హలో. ఆఁ, నేనే మేడం. లేదు, సోమవారం రాలేను. అబ్బే, బండికేం మేడం, బంగారంలా ఉంది, లీటరుకి పధ్నాలుగిస్తుంది. నాకే, చీకటి పడితే మనిషి కనబడటం లేదు.”