పారబోసే ముందు అడగవలసిన మనిషి

ముప్పయ్యేళ్ల కిందటి జూన్ ఒకటో తేదీ ఉదయం, ఆకాశం కురవనూ కురవక, తెరిపీ ఇవ్వక బిగబట్టుకుని ఉన్న వేళ, ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న మా సీనియర్ శాస్త్రవేత్తగారు మా వైరస్ ప్రయోగశాలలో చేరారు. వైరస్‌కు చెందిన ఒక ప్రోటీన్ కణంలో తయారై, లోపలివైపు నుంచి పొరకు చేరి, గుంపుగూడి, ఆ పొరను బుడిపెలా బయటికి నెట్టి, బుడిపెను పొరకు పట్టి ఉంచిన సన్నని మెడ తెగాక కొత్త రేణువుగా వెళ్లిపోయే తీరును పరిశీలించడమే వారి జీవితకృషి. అందుకే మాకందరికీ వారు బుడిపెలమ్మగారు. ఆ పిలుపుకు ఏనాడూ కోప్పడలేదు.

తొలి సంవత్సరాల్లో, కణాలలో ఆ ప్రోటీన్ నానాటికీ తరిగిపోతుంటే, కణాలే దాన్ని అరిగించుకుంటున్నాయని అందరూ తీర్మానించారు. కణాలు పెరిగిన ద్రవాన్ని మాత్రం యథావిధిగా బ్లీచింగ్ కలిపి సింకులో పారబోస్తూ వచ్చారు. ఒకనాడు సింకు పూడుకుపోయి ఆ ద్రవం సీసాల్లోనే ఉండిపోయింది. ఊరికే కూర్చోలేని బుడిపెలమ్మగారు దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున పేరుకున్నదాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. నిండా గుండ్రని రేణువులు. లోపల వైరస్ జన్యుపదార్థమే లేదు. తక్కిన వైరస్ ప్రోటీన్ల తోడు లేకుండా ఆ ఒక్క ప్రోటీనే రేణువులు కట్టి బయటపడింది.

"మనం వెతికేదాన్ని మనమే పారబోశామండీ," అన్నారట అప్పటి డైరెక్టరుగారితో.

"ప్లంబరు ఇంకో రెండు రోజులు రాకపోతే బాగుండు," అన్నారాయన.

నాటి నుంచి వారిని అడగకుండా మా దగ్గర చుక్క ద్రవం పారబోయరు. "మా ఇంట్లో పాలగిన్నె కూడా ఆవిడ చూశాకే కడగాలి," అంటారు బడిపంతులైన వారి భర్త.

తరువాతి సర్వీసంతా ఆ మెడ తెగే క్షణం కోసమే గడిచింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడాలంటే ముందు కణాన్ని చంపాలి; కనుక ప్రతి చిత్రంలోనూ మెడ తెగకుండానైనా ఉండేది, అప్పటికే తెగిపోయైనా ఉండేది. బతికున్న కణాన్ని చూపే యంత్రం కావాలని వారు ఏటా అడిగారు. అది పోయిన వారం వచ్చింది. ఇంకా పెట్టెల్లోనే ఉంది. ఈ ఆలస్యానికి సంస్థ విచారం తెలపడం మినహా చేయగలిగింది లేదు.

వారు ఆ పెట్టెల్లో ఒకదాని మీద చెయ్యి వేసి, తమ స్థానంలోకి రాబోయే సహోద్యోగినితో అన్నారు: "ఫోటో పంపకమ్మా. తెగుతుండగా ఫోన్ చెయ్యి. పరిగెత్తుకొస్తా."

ఆ ఫోను మోగేనాటికీ, ఆపై ఎన్నో ఏళ్లకూ, వారి చూపు ఇంతే నిశితంగా, ఒళ్లు ఇంతే ఆరోగ్యంగా ఉండుగాక.

నిన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరం కలిసి భోజనానికి కూర్చున్నాం. సీసాలు కడిగే ఆమె జగ్గులో అడుగున మిగిలిన నీళ్లు చూపించి, అలవాటుగా, "పారబోయనా అమ్మా?" అంది. వారు ఆ సహోద్యోగిని వైపు చూశారు. తలలు వంచుకుని తిన్నాం.