బొటనవేలి మీద నిలబడ్డ వంతెన

స్టూడియో గేటుకి ఎదురుగా ఉన్న సెలూన్‌లో ఆ మధ్యాహ్నం వానకి బేరాల్లేవు. సెలూన్ ఆయన ఉన్న ఒక్క కుర్చీలో ఇటుకల మేస్త్రిని కూర్చోబెట్టి, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టి, తీరిగ్గా కత్తెర ఆడిస్తున్నాడు. ఐదింటికి స్టూడియోలో సినిమా వేస్తున్నారు. పనిచేసినవాళ్ళకీ, చుట్టుపక్కలవాళ్ళకీ మొదటిసారి చూపిస్తారు. అందుకే ఈ ముస్తాబు.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. పిల్లలు ఆడుకునే బొడిపెల ఇటుకలుంటాయే, ఒకదాని మీద ఒకటి టిక్కుమని కూర్చునేవి, వాటితో సినిమాలకి ఊళ్ళు కట్టే మనిషి. ఆ ఊళ్ళలో వేలెడు బొమ్మల్ని వెంట్రుకవాసి జరిపి ఒక ఫోటో, మళ్ళీ వెంట్రుకవాసి జరిపి ఇంకో ఫోటో తీస్తారు. సెకనుకి ఇరవై నాలుగు. అన్నీ కలిపి ఆడిస్తే బొమ్మలు నడుస్తాయి. ఆ ఫోటోలు తీసేది మేస్త్రి మేనకోడలు. ఆమె ఇప్పుడు గుమ్మం పక్కన బల్ల మీద, లెక్కల మాస్టారి పక్కన కూర్చుని, తడిసిన గొడుగు కొసతో నేల మీద గీతలు గీస్తోంది. మామయ్యకి ఒక మాట చెప్పాలని వచ్చింది. రెండు నెలలుగా గొంతులో అడ్డం పడ్డ మాట. సినిమా మొదలయ్యేలోపు చెప్పకపోతే ఇక చెప్పీ లాభం లేదు.

తీరా వచ్చేసరికి మామయ్య మొదలుపెట్టేశాడు.

“నాలుగు వేల ఇటుకలు, మూడు రోజులు, ఒక వంతెన. అంతే మాస్టారూ. నా గొప్పలు నేను చెప్పుకోవడం నాకు చిన్నప్పట్నించీ చేతకాదు.”

సెలూన్ ఆయన అద్దంలోంచి మాస్టారికి కన్ను గీటాడు.

“జిగురు వాడొద్దంది డైరెక్టరమ్మ. దీపాల వెలుగులో మెరుస్తుందిట. నాకు జిగురెందుకండీ? ఇటుకని ఇటుకకి నచ్చజెప్పి కూర్చోబెట్టాను. పక్కవాణ్ణి వదలకురా అని ఒక్కొక్కదాని చెవిలో చెప్పాను.”

“ఇటుకకి చెవెక్కడిదయ్యా?” అన్నాడు మాస్టారు.

“బొడిపెలున్న వైపు. మీరు లెక్కలు చెప్పుకునేవారు, మీకు తెలియదు. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? చిన్న రైలు, మూడు పెట్టెలు, వంతెన ఎక్కి సగం దాకా వచ్చింది. పొద్దుట్నించి రెండొందల ఫోటోలయ్యాయి. అప్పుడు చూశాను, వంతెన కెమెరా వైపుకి ఒరుగుతోంది. ఎంత? కనురెప్ప మందం. అది పడితే రైలు పోతుంది, రైలు పోతే షాటు పోతుంది, షాటు పోతే మళ్ళీ కట్టడానికి రోజుల్లేవు, మర్నాడు హాలు ఖాళీ చేసి ఇచ్చెయ్యాలి. ఒక్క గెంతు గెంతి, వెనక నిలబెట్టిన, ఆకాశం రంగేసిన అట్ట వెనక్కి దూరి, దాని కింది సందులోంచి చెయ్యి చాపి వంతెన గోడ పట్టుకున్నాను. ఒక్క బొటనవేలు ఆసరా!”

గొడుగు కొస ఆగింది. ఇంతవరకూ నిజమే. మామయ్య మోకాళ్ళు నేలకి కొట్టుకున్న చప్పుడు ఆమెకి ఇప్పటికీ గుర్తే. ఆకాశం వెనకనించి, “కానివ్వు అమ్మడూ, నువ్వు తీసెయ్యి,” అన్న గొంతూ గుర్తే.

“ఎంతసేపు పట్టుకున్నావేం?” అన్నాడు మాస్టారు.

“మూడు రోజులు.”

“మొన్న ఒక్క రోజన్నారు మేస్త్రిగారూ,” అన్నాడు సెలూన్ ఆయన.

“మొన్న నాకు పనుంది, క్లుప్తంగా చెప్పాను. ఇవాళ తీరిగ్గా ఉన్నాం కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. పదకొండు రోజులు.”

మాస్టారు నోట్లో ఏదో లెక్క గొణుక్కుని, మధ్యలోనే ఆపేశాడు. బయట వాన సన్నగా, ఒకే తీరుగా పడుతోంది.

“మొదటి కష్టం ఊపిరి,” అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. “ఊపిరి వదిలితే ఆకాశం అట్ట ఊగుతుంది. అందుకని క్లిక్కుకీ క్లిక్కుకీ మధ్య పీల్చేవాణ్ణి. రెండో రోజుకి అదీ అలవాటైపోయింది. ఇక గుండె. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలి కొస అదురుతుంది కదా? నాన్నా, నువ్వూ క్లిక్కుల మధ్యే కొట్టుకో అని చెప్పాను. విన్నది. పాపం, మంచిది నా గుండె. ఐదో రోజు ఒక సాలీడు నా మోచేతినించి ఆకాశం అంచు దాకా గూడు కట్టింది. ఆరో రోజు పొద్దున దాని మీద మంచు పడింది.”

“హాల్లో మంచా?”

“హాల్లో కాదు మాస్టారూ, ఊళ్ళో. నేను కట్టిన ఊళ్ళో. అంత కదలకుండా ఉన్నవాడికి అక్కడి వాతావరణమే తగులుతుంది. ముందు వేలికి చలేసింది. తర్వాత చెవులకి నది చప్పుడు వినిపించింది. నీలం ఇటుకలు పరిచి చేసిన నదండీ అది! నేనే పరిచాను! గలగలమంటోంది.”

కత్తెర చప్పుడు నెమ్మదించింది. మేనకోడలు నోరు తెరిచింది. “మామయ్యా, ఆ వేలి సంగతే నీకు—”

“ఉండమ్మా, వేలి దగ్గరికే వస్తున్నాను. ఏడో రోజు ఊరివాళ్ళు లాంతరు పట్టుకుని వంతెన మీదికొచ్చారు. నలుగురు. ఇదేమిటి, నిన్నటిదాకా లేదే అని నా వేలు తట్టి చూశారు. ఒకడు చెవి ఆనించి విన్నాడు. లోపల ఎవరో ఉన్నారు, లోపలికి రమ్మందాం అన్నాడు. అనగానే ఏమైందో తెలుసా? నేను రైల్లో ఉన్నాను. రెండో పెట్టెలో, కిటికీ పక్కన. రైలు వంతెన మీద పోతోంది. కిటికీలోంచి తలెత్తి చూస్తే నా బొటనవేలే, కొండలాగా, మబ్బుల్లోంచి దిగి గోడ పట్టుకునుంది. నా వేలి కిందుగా నేనే వెళ్ళాను. అయ్యో ఎవరో పాపం ఎంత కష్టపడుతున్నాడో అనుకున్నాను.”

ఎవరూ నవ్వలేదు. సెలూన్ ఆయన కత్తెర పట్టుకున్న చేత్తోనే నుదురు తుడుచుకున్నాడు.

“ఊళ్ళో దిగాను. వీధి చివర పచ్చమేడ. మేడ మీద ఒకావిడ కిటికీలోంచి తొంగి చూసి, నువ్వేనా ఇదంతా కట్టింది అంది. అవునన్నాను, కొంచెం గర్వంగానే. మేడ కట్టావు బాబూ, మెట్లు కట్టలేదేం? ఎన్నాళ్ళయిందో నేను కిందికి దిగి, అంది.”

మేస్త్రి ఆగాడు. అద్దంలో తన మొహంకేసి చూసుకున్నాడు కానీ, చూపు అద్దం దాటి ఎక్కడికో పోయింది.

“నిజమే కదండీ. మేం కట్టేది ముందువైపే. కెమెరాకి కనిపించేది కడతాం, కనిపించనిది వదిలేస్తాం. ఇళ్ళకి వెనక గోడల్లేవు. పిల్లలు వీపులకి గాలి కొడుతుంటే ముడుచుకుని పడుకున్నారు. బడికి తలుపుంది, తలుపు వెనక బడి లేదు. సిగ్గేసింది మాస్టారూ. చొక్కా చేతులు మడిచి మొదలెట్టాను. మేడ మేడకీ మెట్లు, ఇంటింటికీ వెనక గోడ, గోడ గోడకీ మేకులు, తువ్వాళ్ళు తగిలించుకోవాలి కదా. ఏడేళ్ళు పట్టింది. ఆవిడ మెట్లు దిగి వీధిలో కాలు పెట్టిన రోజున ఊరు ఊరంతా నిలబడి చూసింది. మళ్ళీ రైలెక్కి వంతెన మీదికొచ్చేసరికి ఇటువైపు ఒక్క షాటు కూడా పూర్తవలేదు.”

“ఇన్నాళ్ళూ అక్కడుంటే ఇక్కడ నిన్నెవరూ వెతకలేదా?”

“ఎవరికి తెలిస్తే వెతకడానికి? అసలు పనితనం అదీ!” మేస్త్రి కుర్చీలో నిటారుగా అయ్యాడు. “సెట్టు కట్టినవాడు సెట్టులో కనిపించకూడదు. ఇరవై రెండేళ్ళ పనిలో నా నీడ కూడా ఒక్క ఫోటోలో పడలేదు. ఇవాళ సినిమా అంతా కళ్ళు చికిలించుకుని చూసుకోండి. నేనున్నట్టు ఎక్కడైనా తెలిస్తే ఈ పని మానేస్తాను.”

“తెలుస్తుంది మామయ్యా,” అంది మేనకోడలు.

మేస్త్రి తల తిప్పబోయాడు. కత్తెర చెవి పక్కనే ఉందని సెలూన్ ఆయన తల పట్టుకుని ఆపాడు. అందుకని అద్దంలోంచే అడిగాడు. “ఏంటమ్మా?”

“ఆ రోజు నీ చేతికి నల్ల తొడుగుంది కదా. బొటనవేలి దగ్గర చిరిగిపోయింది. గోడ మీదినించి గోరొక్కటే ఇటు కనిపించింది.”

“ఎన్ని ఫోటోల్లో?”

“నువ్వు పట్టుకున్నప్పట్నించి అన్నిట్లో.”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అది అంతకుముందే శుభ్రంగా ఉంది.

“మరి అప్పుడే చెప్పలేదేమే?”

“చెబితే నువ్వు కదిలేవాడివి. వంతెన పడిపోయేది. షాటయ్యాక చెబుదామనుకున్నాను. నువ్వు బయటికొచ్చి, ఎవరికీ కనిపించకుండా లాగేశాను చూశావా అన్నావు. నాకు నోరు రాలేదు.”

“డైరెక్టరమ్మ చూసిందా?”

“చూసింది. సెట్టు విప్పేశారు, మళ్ళీ తీసే దారి లేదు. రెండు రోజులు తల పట్టుకుని కూర్చుంది. మూడో రోజు, ఇది చంద్రుడు అంది. చుట్టూ ఉన్న ఆకాశం ముదురు నీలమే కదా, నల్ల తొడుగు అందులో కలిసిపోయింది. రైలు నడిపే బొమ్మకి ఒక మాట పెట్టింది. చంద్రుడొచ్చాడు, ఇక భయం లేదు, పోదాం అని.”

మేస్త్రి తెల్లగుడ్డ కిందనించి కుడిచెయ్యి బయటికి తీశాడు. బొటనవేలు దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. పొట్టి గోరు, అంచున సన్నటి నెలవంక.

“గోరంతల్ని కొండంతలు చేస్తావని నిన్ను ఆడిపోసుకున్నాం కదయ్యా,” అన్నాడు మాస్టారు మెల్లిగా. “ఆవిడ ఏకంగా చంద్రుణ్ణే చేసింది. ఇప్పుడైనా నిజం చెప్పు. పదకొండు రోజులా?”

“గంటన్నర,” అన్నాడు మేస్త్రి. ఆ గొంతుతో అతను ఎప్పుడూ మాట్లాడలేదు. “మోకాలి కింద ఏదో మేకు ఉంది. చెయ్యి తిమ్మిరెక్కి, తర్వాత మంటెత్తి, తర్వాత అసలు లేనట్టే అయిపోయింది. ఏడుపొచ్చింది మాస్టారూ. ఏడిస్తే భుజం కదులుతుందని ఊరికే అట్ట వెనకవైపు చూస్తూ కూర్చున్నాను. అక్కడ చూడ్డానికేం లేదు. అందుకని ఏదో ఒకటి అనుకుంటూ ఉన్నాను. నదీ, రైలూ, ఆ మేడ మీదావిడా...”

సెలూన్ ఆయన మేస్త్రి మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పి దులిపాడు. జుట్టు ఒకవైపు కొంచెం ఎక్కువే ఉండిపోయింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

“రాను,” అన్నాడు మేస్త్రి. “మీరెళ్ళి చూడండి.”

“నువ్వు రాకపోతే నేనూ రాను,” అంది మేనకోడలు. గొడుగు విప్పి గుమ్మంలో నిలబడింది. అలాగే నిలబడింది. చివరికి మేస్త్రి లేచాడు.

హాల్లో నలుగురూ ఒకే వరసలో కూర్చున్నారు. దీపాలారిపోయాయి. తెర మీద నీలం నది, దాని మీద వంతెన. రైలు ఒక చివర ఎక్కింది. మేనకోడలు తెర చూడలేదు, మామయ్యని చూసింది. రైలు సగానికి వచ్చింది. వంతెన గోడ మీద పల్చగా, తెల్లగా ఒక వెలుగు పొడుచుకొచ్చింది. రైలు నడిపే బొమ్మ తలెత్తి తన మాట తాను చెప్పింది. చంద్రుడు కొంచెం వణికాడు. ముందు వరసలో ఎవరో చిన్నపిల్ల, “అమ్మా, చంద్రుడికి చలేస్తోంది,” అంది. హాలంతా మెత్తగా నవ్వింది.

మాస్టారు మేస్త్రి వైపు వంగాడు. “అది నువ్వే కదయ్యా. చెప్పవేం, లేచి చెప్పు అందరికీ.”

మేస్త్రి ముందు కుర్చీ అంచుని బొటనవేలితో బిగించి పట్టుకుని ఉన్నాడు. ఊపిరి కూడా వదలడం లేదు.

“ష్,” అన్నాడు. “ఉండండి మాస్టారూ. రైలింకా దాటలేదు.”